విన్న వాక్యం మనలో నిలిచి ఫలించాలంటే

గోదావరి డెల్టాలో క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారికి వాక్యం కొరత ఎన్నడూ లేదు. 1836లో ఇంగ్లండు నుంచి భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఆ తరువాత నరసాపురం ప్రాంతంలో పరిచర్య ఆరంభించారు. లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్, కతోలిక సంఘాలు, ఇటీవలి దశాబ్దాల్లో ఊరూరా వెలసిన స్వతంత్ర సంఘాలు ఆ పనిని తమతమ రీతుల్లో కొనసాగించాయి. ఈనాడు సగటు విశ్వాసికి ఆదివారం ఆరాధన, వారం మధ్యలో గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, కోతలయ్యాక మూడు రాత్రుల సువార్త మహాసభలు ఉన్నాయి. ఇవి చాలవన్నట్లు ఫోను తెరిస్తే రాత్రింబగళ్లు ప్రసంగాలే. ఇంత వింటున్నా మనలో చాలామంది కోపంలోను, క్షమించలేకపోవడంలోను, డబ్బు దగ్గర బిగింపులోను పదేళ్ల క్రితం ఎక్కడ ఉన్నామో అక్కడే ఉన్నాం. "మీరేలాగు వినుచున్నారో చూచుకొనుడి" అని లూకా సువార్త 8వ అధ్యాయం 18వ వచనంలో ప్రభువు చేసిన హెచ్చరిక, ఎంత వింటున్నామన్న లెక్క నుంచి మన దృష్టిని వినే తీరు మీదికి మళ్లిస్తుంది.

ఆ హెచ్చరికకు కొంచెం ముందే విత్తువాని ఉపమానం ఉంది, అందులో విత్తనం దేవుని వాక్యం. పాలస్తీనా రైతు గింజలను చేత్తో చల్లుకుంటూ పోయేవాడు గనుక కొన్ని బాట పక్కన, కొన్ని బండ మీది పలుచని మట్టిలో, కొన్ని ముండ్లపొదల మధ్య, కొన్ని మంచి నేలలో పడడం ఆ కథ విన్నవారికి వింతగా తోచి ఉండదు. ఈ నాలుగు నేలలను నలుగురు మనుషులుగా చూపి బోధించడం మనకు పరిపాటి. ఒకే మనిషిలో, ఒక్కొక్కప్పుడు ఒకే వారంలో, నాలుగు నేలలూ ఉంటాయని నేను భావిస్తాను. పాటల దగ్గర పలుచని మట్టిగా ఉన్నవాడే క్షమాపణ మాట వచ్చేసరికి తొక్కుడుబాట అవుతాడు. రోగి పక్కన కూర్చున్నప్పుడు మంచి నేలగా ఉన్న స్త్రీ, కూతురి పెళ్లి సంబంధం దగ్గర ముండ్లపొద కావచ్చు. కనుక ఎదగాలనుకొనేవారు "నేను ఏ నేలను?" అని అడుగుకోవడం కంటె "ఏ విషయంలో నేను ఏ నేలను?" అని అడుగుకోవడం ఎక్కువ ప్రయోజనకరం.

డెల్టాలో సేద్యం చేసేవారికి నీరు రావడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే ముఖ్యమని తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి కాలువ నీరు పొలాలకు అందుతున్నప్పటికీ, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టినప్పుడు సార్వా చేలు రోజుల తరబడి మునిగి కుళ్లిపోవడానికి కారణం, మురుగు కాలువ గుర్రపుడెక్కతోను పూడికతోను మూసుకుపోయి ఉండడమే. విన్న వాక్యం విధేయతగా బయటికి పారే దారి లేని హృదయం కూడా ఆ చేను వంటిదే గనుక, ఈ వ్యాసంలో ఇంకా ఎక్కువ వినే ఉపాయాలు ఉండవు. తక్కువ విని, ఎక్కువ సేపు నిలుపుకొని, దానిలో ఒక్కటైనా చేయడం ఎలాగో చెప్పడమే దీని ఉద్దేశం.

ఆదివారం ప్రసంగాన్ని వినడం

సిద్ధపాటు శనివారం సాయంత్రం మొదలుకావాలి. నిర్ణీత పాఠాల పట్టికను అనుసరించే సంఘాల్లో మరుసటి రోజు పాఠాలు ముందే తెలుస్తాయి. తక్కిన సంఘాల్లో ఏ భాగం మీద ప్రసంగిస్తున్నారని పాస్టరుగారిని అడిగితే చాలు. అడిగేవారు ఉన్నారని తెలిస్తే ఆయన సిద్ధపాటు కూడా మెరుగుపడుతుంది. ఆ భాగాన్ని ఇంట్లో ఒకసారి బిగ్గరగా చదివి, అర్థంకాని వచనం పక్కన చిన్న గీత పెట్టుకొని పడుకోండి. ప్రశ్నతో వెళ్లినవాడు వినే తీరు వేరుగా ఉంటుంది.

మందిరానికి వెళ్లేటప్పుడు బైబిలుతో పాటు చిన్న నోటు పుస్తకం తీసుకువెళ్లండి. ప్రసంగమంతా రాసుకొనేవారిని చూసి మురిసిపోనక్కరలేదు, ఎందుకంటే చేయి పనిలో ఉన్నప్పుడు మనస్సు తప్పించుకొనే అవకాశం ఎక్కువ. మూడు పంక్తులు రాస్తే సరిపోతుంది: మొదటిది చదివిన వాక్యభాగం, రెండవది మిమ్మల్ని తాకిన లేదా నొప్పించిన ఒక్క మాట, మూడవది వచ్చే శనివారంలోగా చేయవలసిన ఒక్క పని. మూడవ పంక్తిలో తప్పనిసరిగా ఒక మనిషి పేరో, ఒక రోజో, ఒక మొత్తమో ఉండాలి. "ఇంకా ప్రేమగా ఉండాలి" అని రాస్తే ఏమీ రాయనట్లే. మాదిరికి ఒక పుట ఇలా ఉండవచ్చు: "మత్తయి 5:23, 24. అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు. మంగళవారం సాయంత్రం పొలం గట్టు సంగతి మాట్లాడడానికి పెదనాన్నగారి అబ్బాయి ఇంటికి నేనే వెళ్లాలి."

ఈ ఉదాహరణను ఊరికే ఎంచుకోలేదు. జానెడు గట్టు అటు జరిగిందని ఒకరు, ఇటు జరిగిందని ఒకరు పట్టుబట్టి, ఏళ్ల తరబడి మాటలు మానుకొన్న అన్నదమ్ముల బిడ్డలు ఒకే మందిరంలో చెరొక వైపు చాప మీద కూర్చొని, ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపొందడం మన పల్లెల్లో అపురూపమైన దృశ్యమేమీ కాదు. ఇద్దరికీ ఈ వచనాలు కంఠస్థమే. కంఠస్థమైన మాట చెవిని దాటి లోపలికి పోకుండా పైనే తిరుగుతుంది. త్రోవ పక్క నేల అంటే ఇదే. తరతరాలుగా విశ్వాసంలో ఉన్న కుటుంబాలకు ఈ ప్రమాదం నిన్న బాప్తిస్మం పొందినవారికంటె ఎక్కువ. కాబట్టి బాగా తెలిసిన భాగం చదివినప్పుడల్లా, ఇది నేను చేశానా లేదా అన్న ఒక్క ప్రశ్ననే దాని ముందు పెట్టాలి.

ఆరాధన ముగిసిన తరువాతి గంటను కూడా కాపాడుకోవాలి. ఉపమానంలో బాట పక్కన పడిన గింజలను తినివేసే పక్షులు వచ్చేది ఆ గంటలోనే. గుమ్మం దగ్గర చెప్పులు వెదుక్కుంటూండగానే పాటలో శ్రుతి తప్పిన సంగతి, ఎవరో కట్టుకొచ్చిన చీర, కోడి మాంసం ధర మాటల్లోకి వస్తాయి. అన్నం వడ్డించే వేళకు పాఠం ఏ సువార్తలోదో కూడా గుర్తుండదు. భోజనానికి ముందు ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ రెండవ పంక్తిని చదివి వినిపించే అలవాటు పెట్టుకోండి. ఐదు నిమిషాలు పడుతుంది, కూర చల్లారదు.

రోజువారీ పఠనం

ఒక్క సంవత్సరంలో బైబిలు పూర్తిచేయాలని జనవరి 1న పూనుకొనేవారు చాలామంది ఉంటారు. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు గనుక రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. ఆదికాండము ఆసక్తిగా సాగుతుంది, నిర్గమకాండము సగం దాటాక నడక మందగిస్తుంది, లేవీయకాండములో బండి ఆగిపోతుంది. జీవితంలో ఒక్కసారైనా చేయవలసిన పనే ఇది. కాని స్వీకరించడం నేర్చుకొంటున్నవారు మార్కు సువార్తతో ఆరంభించడం మేలు. అందులో 16 అధ్యాయాలే ఉన్నాయి. రోజుకు పది పదిహేను వచనాలు తీసుకొని మూడుసార్లు చదవండి: మొదటిసారి ఏమి జరిగిందో గ్రహించడానికి, రెండవసారి ప్రభువు ఎలాంటివాడో చూడడానికి, మూడవసారి ఆయన నాతో ఏమంటున్నాడో వినడానికి. మూడవ పఠనం తరువాత కొద్ది నిమిషాలు ఏమీ అడగకుండా ఊరకుండండి. బాలుడైన సమూయేలు "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అన్నాడు. మన ప్రార్థనల్లో అధికభాగం నీ దాసుడు మాట్లాడుచున్నాడు, ఆలకించుము అన్నట్లే సాగుతుంది. ఊరకున్న తరువాత చేసే ప్రార్థన ఆ రోజు చదివిన వచనాలకు జవాబుగా మొదలైతే, పాడిన పాటే పాడుతున్నామన్న విసుగు తగ్గుతుంది.

మన పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉండడం వల్ల పిల్లలు తడబడతారు. వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకోవడంలో తప్పులేదు, అయితే పాతదానిని బిగ్గరగా చదివే అలవాటు మానకండి, ఎందుకంటే మనకు ఆపదలో గుర్తుకు వచ్చే వచనాలు ఆ లయలోనే గుర్తుకు వస్తాయి. చదువురాని పెద్దవారికి ఫోనులో ఆడియో బైబిలు ఉంది. దానికంటె మనవరాలు పక్కన కూర్చొని చదివితే ఇద్దరికీ లాభం.

వచనాన్ని దాని చోటు నుంచి ఊడదీసి వాడుకొనే అలవాటు గురించి ఇక్కడ కొంత చెప్పాలి. కొత్త సంవత్సరపు ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29:11 తరచుగా కనిపిస్తుంది. మీ కొరకు నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశాలేనని దేవుడు చెప్పే ఆ వచనం ఎంతో ఆదరణకరమైనది. కాని అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి యిర్మీయా రాసిన లేఖలోని మాట. దాని ముందరి వచనంలోనే 70 సంవత్సరాలు గడవాలని ఉంది. ఆ లేఖ విన్న పెద్దవారిలో చాలామంది తిరిగి యెరూషలేమును చూడలేదు. వారికి దేవుడు చెప్పినది ఇళ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణపు క్షేమం కోరి ప్రార్థన చేయుడి అని. కార్డు మీది ఒక్క వచనాన్ని ఆరు నెలల్లో వీసా వస్తుందన్న హామీగా తీసుకొన్నవాడు జూలైలో దేవుని మీద అలుగుతాడు. లేఖ మొత్తం చదివినవాడికి, ముఖ్యంగా కువైట్‌లో పరాయి ఇంటి వంటగదిలో పనిచేస్తూ చదివే కోనసీమ తల్లికి, దూరదేశంలో కూడా దేవుడు తన వారితో మాట్లాడతాడని, అక్కడి రోజులూ వ్యర్థం కావని తెలుస్తుంది. కార్డును పారవేయవద్దు, దానిమీది వచనం ఉన్న అధ్యాయమంతా ఆ వారంలోనే చదవండి.

సమయం గురించి ఒక మాట. తెల్లవారుజామున లేచి గంటసేపు ఏకాంతంగా ప్రార్థించమని చెప్పడం, ఊడ్పుల రోజుల్లో చీకటితోనే వంట ముగించి, క్యారేజీ కట్టుకొని, కూలీల ఆటో అందుకోవలసిన స్త్రీకి భారమే తప్ప బోధ కాదు. ఆమె రాత్రి పడుకోబోయే ముందు ఒక్క వచనం నేర్చుకొని, మరునాడు మడిలో వంగి నారు నాటుతూ దానినే మనస్సులో తిప్పుకొంటే అది సంపూర్ణమైన ధ్యానం. రొయ్యల చెరువు గట్టు మీద, నీటికి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు మధ్య కాపలా ఉండేవారికి ఇంకొక వసతి ఉంది: రాత్రిజాములలో దేవుని వాక్యాన్ని ధ్యానించే మనిషి 119వ కీర్తనలో కనిపిస్తాడు. 176 వచనాల ఆ కీర్తన ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంది గనుక, రాత్రికి ఒక భాగం చొప్పున తీసుకోవచ్చు.

మహాసభలు ముగిసిన తరువాత

మూడవ రాత్రి పిలుపు విని కన్నీళ్లతో లేచి నిలబడినవారి అనుభవాన్ని తేలికచేయనక్కరలేదు. రాతినేల మీది మొక్క కూడా విత్తనం నుంచే మొలిచింది. దానికి లేనిది వేరు. కనుక ఆ రాత్రి పెద్ద మ్రొక్కులు చేయవద్దు. మ్రొక్కి చెల్లించకపోవడంకంటె మ్రొక్కకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. ఆ వారంలో ఒక పాత బాకీ తీర్చడమో, దాచిన ఒక సంగతిని భార్యతో చెప్పడమో చేసి, నలభై రోజుల ఉపవాసాల వంటి నిర్ణయాలను నెల తరువాతికి వాయిదా వేయండి.

ముండ్లను పేరు పెట్టి పిలవడం

విచారాలు, ధనం, భోగాలు అని లూకా 8:14 మూడు ముండ్లను చెబుతుంది. వీటిని మొత్తంగా "లోకం" అని కొట్టివేసే ప్రార్థన వల్ల ఏ ముల్లూ పెరికివేయబడదు. నెలకొకసారి ఒక కాగితం తీసుకొని మనస్సును ఆక్రమించినవాటిని ఉన్నవున్నట్లుగా రాయండి: చెరువులోని రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు తగులుతుందేమోనన్న భయం, వీసా ఏజెంటు చేతికిచ్చిన డబ్బు, కొబ్బరికాయ ధర, తమ్ముడు కొన్న స్థలం మీద అసూయ, సంక్రాంతి కోడిపందాల బరి దగ్గర పోయిన సొమ్ము. తరువాత ఆ జాబితాను రెండుగా విడదీయండి. మీరు రేపు ఏదైనా చేయగలిగినవి ఒకవైపు, దేవునికి అప్పగించడం తప్ప చేయగలిగింది లేనివి మరొకవైపు. రెండవవైపు ఉన్నవాటిని ఒక్కొక్కటి పేరుతో చదివి, "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్న పేతురు మాట ప్రకారం అప్పగించండి. మొదటివైపు ఉన్నవాటి కోసం ప్రార్థన చేసి ఊరుకోవడం సోమరితనం. కొడుకు పెళ్లికి ఎంత కట్నం వస్తుందన్న ఆలోచనను కొందరు రెండవవైపు రాస్తారు. అడగకపోవడం పూర్తిగా మన చేతిలో ఉన్న పని గనుక అది మొదటివైపుకే చెందుతుంది.

శుక్రవారం ఉపవాసం ఉండేవారు యెషయా 58వ అధ్యాయాన్ని దగ్గర పెట్టుకోవాలి. దేవుడు ఏర్పరచుకొన్న ఉపవాసంలో ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం ఉంది. మానివేసిన పూట బియ్యమూ కూరగాయల ఖర్చూ సాయంత్రానికి ఒక ఇంటికి, వీలైతే మన పేటది కాని ఇంటికి, చేరాలి. ఏ పేట మందిరం ఆ పేటకే అన్నట్లున్న పల్లెలు డెల్టాలో ఇంకా ఉన్నాయి. కులం పేరెత్తకుండానే కులం చూసి పిలిచే పిలుపులు, కూర్చునే చోట్లు మన సంఘాల్లో ఉన్నంతకాలం, క్రీస్తు మనలను చేర్చుకొన్నట్లు ఒకరినొకరు చేర్చుకోవాలన్న రోమా 15:7 మనకు వినిపించలేదనే చెప్పాలి.

పరీక్షించి స్వీకరించడం

మనస్సు తెరిచి ఉంచడమంటే వేదిక మీద నుంచి వచ్చిన ప్రతి మాటకూ ఆమేన్ అనడం కాదు. బెరయ పట్టణంలోని వారు వాక్యాన్ని ఆసక్తితో అంగీకరించారని, పౌలు సీలలు చెప్పిన సంగతులు అలాగున్నవో లేవో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17:11 ఒకే వాక్యంలో చెబుతూ, వారిని ఘనులన్నది. పౌలును పరీక్షించినవారు ఘనులైతే, ఫోనులో ప్రవచనం చెప్పి కానుక పంపమనే వ్యక్తిని పరీక్షించడం అవిశ్వాసం కానేకాదు. అడగవలసినవి ఇవి: ఏ వాక్యభాగం ఆధారం? దానికి ముందూ వెనుకా ఏముంది? ఈ మాట నన్ను క్రీస్తుకు దగ్గర చేస్తోందా, చెప్పినవారికి బాకీపడేట్లు చేస్తోందా? మరొకటి నిర్మొహమాటంగా చెప్పాలి: విశ్వాసం ఉంటే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, క్షయకు వాడే మందులు మానివేయమన్న సలహా ఎంత పెద్ద బోధకుడు ఇచ్చినా పాటించవద్దు. లూకాను ప్రియుడైన వైద్యుడని పిలిచిన పౌలుకు వైద్యం మీద పగ లేదు.

ఇంటి ప్రార్థన

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనక్కరలేదు. ఒక పాట, చిన్న వాక్యభాగం, పిల్లల చేత ఒక ప్రశ్న, ఒక ప్రార్థన. ప్రార్థనను తిట్టే సాధనంగా వాడవద్దు. "ప్రభువా, ఈ పిల్లవాడు ఫోను పక్కన పెట్టి బుద్ధిగా చదువుకొనేలా వీడి మనస్సు మార్చుము" అని తల్లి కళ్లు మూసుకొని అంటున్నప్పుడు, ఆ పిల్లవాడు కళ్లు తెరిచే ఉంటాడు, వాడికి అది దేవునితో మాటగా కాక తనకు పెట్టిన చీవాట్లుగానే వినిపిస్తుంది. దానికి బదులు తండ్రి తన తప్పును ఒప్పుకొంటూ ఒక్క వాక్యం ప్రార్థిస్తే వాడు దానిని చాలాకాలం మరువడు. భర్తో భార్యో గల్ఫులో ఉన్న ఇళ్లలో వీడియో కాల్ పెట్టుకొని వారానికి ఒక రాత్రి కలిసి చదవడం సాధ్యమే. డబ్బు పంపిన విషయం మాట్లాడకముందే వాక్యం చదివితే క్రమం నిలుస్తుంది.

ఏమీ అనిపించని రోజులు

చదివినా రుచి తెలియని, ప్రార్థించినా పైకప్పు దాటని నెలలు వస్తాయి. అవి ప్రతిసారీ పాపానికి గుర్తు కానక్కరలేదు. ముందుగా అలసట, అనారోగ్యం, నిద్రలేమి ఉన్నాయేమో చూసుకోండి. దాచిన పాపమేదైనా ఉంటే ఒప్పుకోండి. ఏదీ కనబడకపోతే తవ్వుకొంటూ కూర్చోవద్దు. ఆ రోజుల్లో కృతజ్ఞతా కీర్తనలను బలవంతంగా నోటికి తెచ్చుకోవడంకంటె 13వ కీర్తననో 42వ కీర్తననో మన ప్రార్థనగా చదవడం నిజాయితీగా ఉంటుంది. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. దానినీ దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. మార్కు 4వ అధ్యాయంలో విత్తనం చల్లినవాడు రాత్రింబగళ్లు నిద్రపోతూ, మేల్కొంటూ ఉండగా అతనికి తెలియని రీతిగా అది మొలిచి పెరుగుతుంది. ఎదుగుదలను మన భావాలతో రోజూ కొలవడం అందుకే వృథా.

కొలవాలని ఉంటే ఏడాదికొకసారి, గలతీయులకు 5:22, 23లోని తొమ్మిది మాటలు, అంటే ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం, నోటు పుస్తకంలో వరుసగా రాసి, మీతో ఒకే కప్పు కింద ఉండేవారి ముందు పెట్టండి. కోడలిని, పాలేరును, చిన్న కొడుకును అడగండి. సంఘ పెద్దలను అడిగితే మొహమాటపడి అన్నీ ఉన్నాయంటారు. ఇంట్లోవారు దేని దగ్గర మౌనంగా ఉండిపోయారో ఆ మాట పక్కన గుర్తు పెట్టుకొని, మరుసటి ఆదివారం రాసే మూడవ పంక్తిని దానికి సంబంధించినదిగా రాయండి. మధ్యలో నెలల పాటు బైబిలు తెరవకుండా ఉండిపోయినట్లయితే వచ్చే జనవరి కోసం చూడకుండా, మొదటి అధ్యాయానికి తిరిగి వెళ్లకుండా, ఆ రాత్రే ఆగినచోటి నుంచి తరువాతి పది వచనాలు చదవండి.